కంచంలో కనపడని కూర – 3వ పాఠం: గుజ్జు ఏ వంటలో ఒదుగుతుంది?

ముందు రెండు పాఠాల్లో ఏ కూరకి ఏ రంగు గుజ్జు వస్తుందో, దాన్ని ఎలా ఉడికించి రుబ్బాలో చూశాం. ఇవాళ ఆ గుజ్జుని, కూరలంటే ముఖం తిప్పుకునే పిల్లల కంట పడకుండా, పొయ్యి మీదున్న వంటలోకి దింపాలి. కొత్తగా చేరినవాళ్లకి ఒక్క మాట: ఈ పాఠాల్లో గుజ్జు అంటే, ముక్కల్ని ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించి, చుక్క నీరు పోయకుండా మిక్సీ చిన్న జార్‌లో మెత్తగా తిప్పుకున్నది. నీళ్లలో ఉడికించి వార్చేస్తే సి విటమిన్ చాలానే ఆ నీళ్లతో తూములోకి పోతుంది.

"ఎంత మెత్తగా రుబ్బినా మావాడు కనిపెట్టేస్తున్నాడండీ" అనేది ఈ దశలో అందరూ అనే మాటే. పిల్లలు రుచి చూసి కనిపెట్టడం తక్కువ. ముందు కంటితో పడతారు, తర్వాత ముక్కుతో, ఆ తర్వాత నాలుక మీద పడిన పలచదనంతో. రుచి సంగతి ఆఖర్న. అందుకని గుజ్జు కలిపే ముందు మిమ్మల్ని మీరు అడగాల్సినవి మూడే: రంగు కలుస్తుందా, వాసన కలుస్తుందా, నీరు ఎంతుంది? మొదటి రెండూ తేలిక. గొడవంతా మూడోదానితోనే.

ముందు నీరు పోవాలి

ఆనపకాయలో నూటికి 95 పాళ్ల దాకా నీరే. బీరకాయ, పొట్లకాయ కూడా ఇంచుమించు అంతే. క్యారెట్‌లో 88 పాళ్లు. అందుకే ఆనపకాయ గుజ్జుని జార్‌లోంచి తిన్నగా పప్పులో పోస్తే పప్పు కాస్తా చారైపోతుంది. పిల్లాడు గరిటె జారడం చూసే "నాకొద్దు" అంటాడు, ముద్ద నోటిదాకా కూడా రానివ్వడు.

దీనికి విరుగుడు మూకుడు. అర చెంచా నూనె వేసి గుజ్జు పోసి సన్నసెగ మీద కలుపుతూ ఉండండి. మొదట బుడగలు పైకి చిమ్ముతాయి, చేతి మీద పడితే చుర్రుమంటుంది, కాబట్టి మూత ఓరగా అడ్డం పెట్టుకోండి. కాసేపటికి చిమ్మడం ఆగుతుంది. అప్పుడు గరిటెతో మధ్యలో ఒక గీత గీసి చూడండి. మూకుడు అడుగు కనపడి, గీత వెంటనే పూడుకుపోకుండా నిలబడితే దించెయ్యొచ్చు. ఆనపకాయదైతే సగానికి పైగా తగ్గిపోతుంది, చూస్తే ఉసూరుమంటుంది గానీ పోయింది నీరే. పచ్చివాసన కూడా దాంతోనే పోతుంది. ఆ అర చెంచా నూనె కూడా ఊరికే పోదు: క్యారెట్‌కి, గుమ్మడికి రంగునిచ్చే బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు తోడుండాలి.

ఇక్కణ్ణించి నేను గుజ్జు అన్నప్పుడల్లా ఇలా దగ్గరపడ్డ గుజ్జు అనే అర్థం. ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంచుకోండి, అంతకు మించి వద్దు. ఎక్కువ చేస్తే ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించుకోవచ్చు. ఒక్కో గడిలో ఎన్ని చెంచాలు పడతాయో ముందే నీళ్లతో కొలిచి చూసుకుంటే తర్వాత లెక్క తేలిక. కరెంటు పోయి కరిగిందంటే మాత్రం ఆ పూటే వాడెయ్యండి, మళ్లీ గడ్డ కట్టించొద్దు.

పప్పు

నేర్చుకోవడానికి పప్పుని మించిన చోటు లేదు. పసుపు రంగు, చిక్కదనం, పైన ఘాటైన పోపు, మూడూ మన పక్షమే.

కందిపప్పులోకి గుమ్మడి, క్యారెట్. పెసరపప్పులోకి ఆనపకాయ, బీరకాయ. గ్లాసు పప్పుకి మొదటిసారి రెండు పెద్ద చెంచాల గుజ్జు చాలు. అది ఏ గొడవా లేకుండా సాగితే నాలుగు, ఆ తర్వాత మెల్లగా అర గ్లాసు దాకా పోవచ్చు. ఆత్రపడి మొదటి రోజే అర గ్లాసు దింపితే పప్పు మీదే అనుమానం పుడుతుంది, ఆ అనుమానం పోగొట్టడం మహా కష్టం.

ఎప్పుడు వెయ్యాలన్నది ముఖ్యం. పప్పు ఉడికి, పప్పుగుత్తితో మెదిపాక గుజ్జు వేసి కలియబెట్టి, రెండు ఉడుకులు రానిచ్చి, అప్పుడు చింతపండు పులుసు పోయండి. పులుపు ముందే పడితే పప్పు సరిగ్గా మెత్తబడదు, పలుకు నాలుక్కి తగులుతుంది. పిల్లలు పలుకు తగిలిన చోట ఆగి కంచంలోకి చూస్తారు. చూశారంటే వెతుకుతారు. పోపులో ఇంగువ, వెల్లుల్లి ఒక పిసరు ఎక్కువ పడనివ్వండి.

ముద్దపప్పు జోలికి మాత్రం వెళ్లకండి. ఆవకాయా నెయ్యీ వేసుకుని తినే ముద్దపప్పు రుచి పిల్లలకి కంఠతా వచ్చు. పోపు లేదు, పులుపు లేదు, గుజ్జు దాక్కోవడానికి చాటే లేదు. పైగా, ఇంట్లో ఏ వంటలోనూ చెయ్యి పెట్టకుండా వదలని అమ్మ వంట మీద పిల్లాడికి నమ్మకం ఎలా ఉంటుంది? నమ్మే వంట ఒకటి అలాగే వదిలెయ్యాలి.

దిబ్బరొట్టె

పప్పులో చెయ్యి కుదిరాక పిండి. పల్చటి అట్టు కంటే దిబ్బరొట్టె మేలు. పైన ఎర్రగా కాలిన పెచ్చు ఉంటుంది కాబట్టి లోపల రంగు మారినా ముందు కంటపడేది ఆ ఎరుపే. రొట్టె మందం కాబట్టి తేమనీ భరిస్తుంది.

గ్లాసు మినప్పప్పు నానబెట్టి, రెండు గ్లాసుల బియ్యపు రవ్వ కడిగి పిండి పక్కన పెట్టుకోవడం మీకు తెలిసిందే. తేడా రుబ్బేటప్పుడు. మామూలుగా పోసే నీళ్లలో సగమే పోసి, మిగతా సగం బదులు అర గ్లాసు క్యారెట్ గుజ్జో గుమ్మడి గుజ్జో వెయ్యండి. ముందు పిండి కలిపేసుకుని పైన గుజ్జు వేస్తే జారైపోతుంది, ఆ రొట్టె నడుం విరిగి మూకుడుకి అంటుకుపోతుంది. రవ్వ కలిపాక పిండిని వేళ్లతో తీసి వదిలి చూడండి: ముద్దలు ముద్దలుగా పడాలి, ధార కట్టకూడదు. ధార కడితే ఇంకో గుప్పెడు రవ్వ వేసి పావుగంట ఆగండి, రవ్వ తేమ లాగేస్తుంది.

గుజ్జు కలిపిన పిండిని రాత్రంతా పులియనివ్వొద్దు. ఇడ్లీకైనా అంతే: పులిసిన పిండిలో, ఆవిరికి ఎక్కించే ముందు, ఆ పూటకి కావలసినంత పిండిలోనే గుజ్జు కలపాలి.

మందపాటి మూకుడులో నూనె ధారాళంగా వేసి, పిండి రెండు వేళ్ల మందాన పరిచి, మూత పెట్టి సన్నసెగ. క్యారెట్‌లో, గుమ్మడిలో తీపి ఉంటుంది కాబట్టి మామూలు రొట్టె కంటే అడుగు త్వరగా ఎర్రబడుతుంది. లోపల ఉడక్కుండానే పైన మాడే ప్రమాదం అక్కడే. సెగ ఇంకాస్త తగ్గించి, ఇంకో ఐదు నిమిషాలు ఓపిక పట్టండి. అంచు మూకుడు నుంచి తనంతట తనే విడివడి, పైన తడి మెరుపు పోయాక తిరగెయ్యండి. చెరకు పానకంతో పెడితే ఏ పిల్లాడూ లోపల ఏముందని అడగడు. (పానకం గిన్నె మీ చేతిలో ఉంచుకోండి. కూర తినిపించబోయి పంచదార అలవాటు చేసుకునే ఇళ్లు తక్కువేం లేవు.)

ఆకుకూరలకి పెసరట్టు

ఆకుపచ్చని దాచడం కష్టం, ఆకుపచ్చలో తప్ప. పొట్టు పెసల పిండే పచ్చగా ఉంటుంది. గ్లాసు నానిన పెసలకి గుప్పెడు లేత తోటకూర గానీ పాలకూర గానీ పచ్చిదే వేసి, అల్లం, పచ్చిమిర్చితో కలిపి రుబ్బెయ్యండి. ఆకుని ముందు విడిగా ఉడికించక్కర్లేదు. ఎక్కువసేపు ఉడికినా, పులుపు తగిలినా ఆ పచ్చదనం బూడిద రంగులోకి దిగుతుంది. మునగాకైతే లేత చివుళ్లు, అదీ పావు గుప్పెడు. ముదురాకు వేస్తే చేదు తేలుతుంది. తినేటప్పుడు పక్కన నిమ్మచెక్క పిండండి. ఆకుకూరలో ఇనుము ఒంటికి పట్టడానికి సి విటమిన్ సాయం చేస్తుంది.

మిగతావి గబగబా

కోడికూర గ్రేవీలో ఉల్లి, టమాటా మగ్గాక ఆనపకాయ గుజ్జు వేస్తే చిక్కదనం వస్తుంది, మసాలా ముందు దాని వాసన నిలవదు. తీపి పులుసులో గుమ్మడి ఎటూ ఉండేదే, ముక్కల్లో సగం మెదిపెయ్యండి చాలు. బీట్‌రూట్ రంగు దేన్లోనూ దాగదు. గులాబీ అట్టు అని చెప్పే వెయ్యండి, కొందరు పిల్లలు ఆ రంగుకే ఎగబడతారు. మర్నాడు మూత్రం ఎర్రగా కనపడితే కంగారు పడొద్దు, కొందరిలో బీట్‌రూట్ రంగు అలా బయటికి పోతుంది.

క్యాబేజీ, కాలీఫ్లవర్ ఎక్కువసేపు ఉడికితే వాటిలోని గంధకపు వాసన ఇల్లంతా చెప్పేస్తుంది. కొత్తవాళ్లు ఇంకొన్నాళ్లు ఆగండి. కంద అసలే వద్దు. సరిగ్గా ఉడక్కపోతే దాన్లోని ఆక్సలేట్ స్ఫటికాలు గొంతు దురద పెడతాయి, ఒక్కసారి దురద పుడితే ఆ పిల్లాడు పెద్దయ్యాక కూడా కందాబచ్చలి ముట్టడు. కోనసీమలో పుట్టి కందాబచ్చలి తినకపోవడం కంటే నష్టం ఏముంది చెప్పండి.

ఏ కూర దొరుకుతుందన్నది కూడా చూసుకోవాలి. వరదల రోజుల్లో గోదావరి లంకల్లో తోటలు మునిగితే సంతలో బీరకాయలకీ దొండకాయలకీ రేటు మండిపోతుంది. బాగా పండిన గుమ్మడి తొడిమతో సహా గాలి తగిలే చోట పెడితే నెలలు నిలవ ఉంటుంది కాబట్టి, వానాకాలానికి ఒకటి కొని అటక మీద పడెయ్యండి.

బక్కపిల్లల సంగతి

ఇది తొందరగా చదివి దాటెయ్యకండి. 2011లో అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు 40 మందికి రోజంతటి తిండిలో కూరల గుజ్జు కలిపి పెట్టి చూశారు. వాళ్లు వాడింది కాలీఫ్లవర్, గుమ్మడి జాతి కాయలు, టమాటా లాంటివి. పిల్లలు తిన్న కూరలు దాదాపు రెట్టింపయ్యాయి. రుచి విషయంలో పెద్ద తేడా పెట్టలేదు. పక్కన విడిగా పెట్టిన కూరల్ని తినడమూ తగ్గించలేదు. కానీ తిన్న తిండి బరువు మారకపోవడంతో క్యాలరీలు నూటికి 12 పాళ్లు తగ్గాయి. బొద్దుగా ఉన్న పిల్లలకి అది లాభమే. అసలే నాలుగు ముద్దలతో లేచిపోయే బక్కపిల్లాడికి కాదు. పప్పులో ప్రతి రెండు చెంచాల గుజ్జుకీ ఒక చెంచా నెయ్యి ఎక్కువ వెయ్యండి, రొట్టెతో కొబ్బరి పచ్చడి పెట్టండి. బరువు పెరగకుండా నెలలు గడుస్తుంటే గుజ్జులు ఆపి డాక్టర్‌కి చూపించండి.

ఇంకొకటి. గుజ్జు తిన్న పిల్లాడికి గుమ్మడి ఒంటికి పడుతుంది గానీ గుమ్మడికాయ తినడం రాదు. 2 నుంచి 6 ఏళ్ల మధ్య కొత్త తిండి అంటే భయం ఎక్కువగా ఉంటుంది. ఒక కూర అలవాటు కావాలంటే 8 నుంచి 15 సార్లు దాకా కంచంలో కనపడాల్సి రావొచ్చు. కాబట్టి ఏ కూర గుజ్జు చేశారో అదే కూర ముక్క ఒక్కటి కంచం అంచున పెట్టండి. తినమని బతిమాలొద్దు, తినలేదని ఎత్తిపొడవొద్దు. ముట్టుకోకపోతే మీరే తీసుకుని తినెయ్యండి.

"మామ్మా, ఇందులో ఏం వేశావ్?" అని అడిగితే అబద్ధం చెప్పొద్దు. "గుమ్మడికాయ నాన్నా, రంగు బాగుంది కదా" అని ఊరుకోండి. అడగనప్పుడు మాత్రం మీరై చెప్పక్కర్లేదు. ముఖ్యంగా ముద్ద నోట్లో ఉన్నప్పుడు "చూశావా, నువ్వు తిన్నది గుమ్మడికాయే!" అని గెలిచినట్టు చెప్పే మావయ్యలూ బాబాయిలూ ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్లని ముందే పక్కకి పిలిచి చెప్పెయ్యండి.

ఈ వారం అభ్యాసం

ఒక ఆనపకాయ, పావుకిలో క్యారెట్. రెండూ విడివిడిగా గుజ్జు చేసి, మూకుడులో గీత నిలిచేదాకా దగ్గరపెట్టండి. ఏది ఎంత తగ్గిందో గ్లాసుతో కొలిచి రాసుకోండి. వారం మొదట్లో కందిపప్పులో క్యారెట్, రెండు చెంచాలు. రెండు రోజులు ఆగి పెసరపప్పులో ఆనపకాయ, రెండు చెంచాలు. పిల్లాడు ఆగాడా, ఆగితే కంటితో ఆగాడా, ముక్కుతోనా, నాలుకతోనా అన్నది ఒక్క ముక్కలో రాసి పెట్టుకోండి. కంటితో ఆగితే రంగు, ముక్కుతో ఆగితే పోపు, నాలుకతో ఆగితే నీరు సరిచూసుకోవాలి. ఆదివారం దిబ్బరొట్టె. ఆ కాగితం పారెయ్యకండి, స్కూల్ క్యారేజీ కట్టే నాలుగో పాఠం దాంతోనే మొదలవుతుంది.