చలికాలం ట్రిప్పులో కారు అద్దాలు మసకబారుతున్నాయా?
చలికాలంలో నలుగురైదుగురు ఫ్రెండ్స్ కలిసి పొలాలు, కొండలు చూసుకుంటూ కారులో వెళ్దామని బయల్దేరితే కాసేపటికే లోపలి అద్దాలన్నీ మసకబారిపోతాయి, ఇక బయట ఎంత అందం ఉన్నా ఏం లాభం. మన ఊపిరిలోని తేమే చల్లటి అద్దం మీద చేరుతుంది, కబుర్లు ఎక్కువైతే ఇంకా తొందరగా! చాలామంది హీటర్ వేసి, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కేస్తారు. అక్కడే తప్పు. అది తీసేసి బయటి గాలి రానివ్వండి, గాలిని ముందు అద్దం మీదికి తిప్పి హీటర్‌తో పాటు ఏసీ కూడా వేయండి. చలిలో ఏసీ ఏంట్రా అని వెనక సీటువాళ్లు గోల చేస్తారు కానీ, అది గాలిలోని తేమను లాగేస్తుంది, హీటర్ ఉంది కాబట్టి చలేమీ వేయదు. గడ్డకట్టే చలిలో మాత్రం చాలా కార్లలో ఏసీ కంప్రెసర్ ఆన్ అవదు, అప్పుడు బయటి గాలి, హీటరే దిక్కు. చేత్తో మాత్రం తుడవకండి, ఆ జిడ్డు మరకల మీద ఎదుటి బండి లైటు పడితే ఏమీ కనిపించదు.

అన్నట్టు, ఉష్ణోగ్రత 5-6 డిగ్రీలు పడిపోతే టైర్లలో గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్ఐ (టైర్ గాలిని కొలిచే యూనిట్) తగ్గుతుంది. బయల్దేరే ముందు, టైర్లు చల్లగా ఉండగానే చూసుకోండి.