డోన్‌బురి పాఠాలు – 3: సొబొరో, పొడిపొడిగా ఉంటూ తడి ఆరని ఖీమా

మొదటి పాఠంలో జపాన్ బియ్యం వండటం, రెండో పాఠంలో సోయా సాస్, మిరిన్ (వంటలో వాడే తియ్యని బియ్యపు మద్యం), సాకే (బియ్యపు మద్యం), చక్కెర కలిసి చేసే పని చూశాం. ఇప్పుడు ఆ రెండూ ఒకే గిన్నెలోకి వస్తాయి. డోన్‌బురి అంటే లోతైన గిన్నె. అందులో వేడి అన్నం పెట్టి, పైన కూర పరిచి ఇచ్చే భోజనానికీ అదే పేరు, ముద్దుగా ‘డోన్’ అంటారు. ఆ వరుసలో వారం మధ్యలో రాత్రిపూట చేసుకోవడానికి సొబొరో డోన్‌ను మించిన తేలిక వంట లేదు. బియ్యం ముందే నానబెట్టి ఉంటే అరగంటలో గిన్నె చేతిలో ఉంటుంది.

సొబొరో అంటే సన్నని పలుకులుగా విడిపోయేలా వండిన మాంసం, చేప లేదా గుడ్డు. చేపనో రొయ్యనో ఇంకా మెత్తగా, దూదిపింజల్లా చేస్తే దాన్ని ఒబొరో అంటారు. ఈ పాఠంలో చేసేది తోరి సొబొరో, అంటే కోడి ఖీమాతో చేసేది.

ఒక మాట ముందే మనసులో పెట్టుకోవాలి. ఖీమా అనగానే మన చెయ్యి నూనె కాచి, ఉల్లిపాయ వేయించి, పెద్ద మంట మీద మాంసం వేపడానికి పోతుంది. ఇక్కడ అది పనికిరాదు. సొబొరో వేపుడు కాదు, ఇగురు. చల్లని పాన్‌లో మొదలై, తన ఊటలోనే ఉడికి, ఆ ఊటనే తిరిగి పీల్చుకుంటుంది. నూనె చుక్క కూడా అక్కర్లేదు.

ముగ్గురికి కొలతలు (టేబుల్ స్పూన్ 15 మిల్లీలీటర్లు, టీస్పూన్ 5):

కోడి ఖీమా 300 గ్రాములు
సోయా సాస్ 3 టేబుల్ స్పూన్లు
సాకే 3 టేబుల్ స్పూన్లు
మిరిన్ 2 టేబుల్ స్పూన్లు
చక్కెర ఒకటిన్నర టేబుల్ స్పూన్
తురిమిన అల్లం 2 టీస్పూన్లు, రసంతో సహా
జపాన్ బియ్యం 2 గో, అంటే 360 మిల్లీలీటర్లు, తూకానికి సుమారు 300 గ్రాములు

ఉప్పు వెయ్యొద్దు. సోయా సాస్‌లో ఉన్నదే సరిపోతుంది. మసాలా ఏదీ లేకుండా ఇంత రుచి ఎలా వస్తుందన్న సందేహం సహజం. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా కొంబు అనే సముద్రపు నాచు నుంచి గ్లుటమేట్ అనే పదార్థాన్ని వేరు చేసి, అది ఇచ్చే కమ్మని రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. పులియబెట్టిన సోయా సాస్‌లో ఆ గ్లుటమేట్ దండిగా ఉంటుంది. మాంసంలో ఉమామినే ఇచ్చే ఇనోసినేట్ అనే ఇంకో పదార్థం ఉంటుంది. రెండూ కలిస్తే రుచి కూడినట్టు కాదు, హెచ్చించినట్టు పెరుగుతుంది. అందుకే గరం మసాలా వేయాలన్న కోరికను ఈ ఒక్కసారికి ఆపుకోండి. అది పడితే ఈ జోడీ అడుగున పడిపోతుంది.

మాంసం ఎంపిక

కోడి తొడ మాంసం కావాలి. రొమ్ము మాంసంలో కొవ్వు తక్కువ, ఉడికాక రంపపు పొట్టులా తయారవుతుంది. జపాన్‌లో ఉన్నవాళ్లు ఖీమా కొనేటప్పుడు ‘మోమో’ అని అడగాలి, ‘మునే’ అంటే రొమ్ము. మన ఊళ్లో చికెన్ కొట్టులో అయితే లెగ్ బోన్‌లెస్ తీయించి, మిషన్‌లో రెండుసార్లు సన్నగా ఆడించమనండి.

ఖీమాను ఇంటికి తెచ్చాక కడగొద్దు. సన్నగా ఆడిన మాంసం నీటిని పట్టుకుంటే వదలదు, పాన్‌లో ఊట రెట్టింపై అది ఇగిరేలోపు పలుకు గట్టిపడుతుంది. కడిగిన చోటల్లా చిందే నీళ్లతో సింకుకు క్రిములు అంటడం ఇంకో నష్టం. కడగకపోతే మనసొప్పదంటే ముక్కగా ఉన్నప్పుడే కడిగించి, తడి తుడిచాక ఆడించండి. మటన్ ఖీమా ఈ పద్ధతికి రాదు. మేక మాంసంలో పీచూ నరాలూ ఎక్కువ, పది నిమిషాల్లో మెత్తబడదు. పంది, గొడ్డు మాంసాలతో మాత్రం చక్కగా వస్తుంది, ఆ తేడా చివర్లో చెబుతాం.

సీసాల సంగతి

ఇక్కడ కావలసింది జపాన్ కోయికుచి సోయా సాస్, అంటే అక్కడ రోజూ వాడేది. మన సూపర్‌మార్కెట్లలో దొరికే డార్క్ సోయా సాస్ చిక్కగా, రంగు కోసం కారమెల్ కలిపి ఉంటుంది. అది 3 స్పూన్లు పోస్తే ఖీమా బొగ్గులా నల్లబడి చేదెక్కుతుంది. కిక్కోమన్ లాంటి పులియబెట్టిన సాస్ దొరక్కపోతే లైట్ సోయా సాస్ తీసుకోండి. వాటిలో ఉప్పు ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటుంది కనుక ముందు 2 స్పూన్లే పోసి, చివర్లో రుచి చూసి మిగతాది కలపండి.

సాకే, మిరిన్ దొరకని ఇళ్లలో, లేదా ఆల్కహాల్ వద్దనుకునే ఇళ్లలో, సాకే బదులు అంతే నీళ్లు, ఒక్కో స్పూన్ మిరిన్ బదులు ఒక స్పూన్ నీళ్లూ ఒక టీస్పూన్ చక్కెరా వెయ్యండి. మెరుపు కాస్త తగ్గుతుంది, నీచు వాసన పోగొట్టే పని సాకేది కనుక అల్లం ఇంకో టీస్పూన్ పెంచాలి. మిరిన్ బదులు వెనిగర్ మాత్రం పొయ్యొద్దు.

వండే క్రమం

అన్నం ముందు. బియ్యం కడిగి అరగంట నానబెట్టి స్టవ్ ఎక్కించండి. అది ఉడికి, మూత తీయకుండా ఆవిరిలో 10 నిమిషాలు కుదురుకునేలోపు మిగతాదంతా అయిపోతుంది.

ఇప్పుడు పాన్. స్టవ్ వెలిగించొద్దు. ఖీమా, సోయా సాస్, సాకే, మిరిన్, చక్కెర, అల్లం అన్నీ చల్లని పాన్‌లో వేసి కలపండి. జపాన్ ఇళ్లలో దీనికి నాలుగైదు వంట చాప్‌స్టిక్స్‌ను ఒక గుప్పిట పట్టుకుంటారు. చివరలు చీపురు పుల్లల్లా విచ్చుకుని ఉండాలి. అవి లేకపోతే గుడ్లు గిలక్కొట్టే తీగల విస్క్ వాడొచ్చు. పప్పుగుత్తి వద్దు, అది విడదీయదు, నలిపేస్తుంది. ముద్ద పూర్తిగా విడిపోయి, పునుగుల పిండి కన్నా కాస్త జారుగా అయ్యేదాకా, అంటే ఒక నిమిషం, కలపండి. మొత్తం వంటలో ఇదే ముఖ్యమైన నిమిషం.

ఎందుకంటే మాంసంలోని ప్రొటీన్ సుమారు 50 డిగ్రీల నుంచే గట్టిపడటం మొదలుపెడుతుంది. కాలిన పాన్‌లో ముద్దగా పడిన ఖీమా అడుగు తగిలిన క్షణానే పక్కపక్క పలుకులతో అతుక్కుని ఉండ కడుతుంది. తర్వాత గరిటెతో ఎంత పొడిచినా పెద్ద ఉండ చిన్న ఉండలవుతుందే తప్ప పలుకు కాదు. చల్లగా ఉన్నప్పుడే పలుకు పలుకుకూ మధ్య ద్రవం చేరితే, గట్టిపడేటప్పుడు ఏ పలుకుకాపలుకు విడిగా గట్టిపడుతుంది.

మధ్యస్థంగా మంట పెట్టి, చెయ్యి ఆపకుండా కలపండి. ఒకటి రెండు నిమిషాలకు అంచుల్లో మాంసం పాలిపోతుంది, అక్కడినుంచి లోపలికి లాగుతూ రండి. మూడో నిమిషానికల్లా పచ్చి గులాబీ రంగు పోయి, ఊట మసకగా, నురగతో పైకి తేలుతుంది. ఈ దశలో ఊట చాలా ఎక్కువగా కనిపిస్తుంది, కంగారుపడి మంట పెంచొద్దు. ఇక గరిటె సరిపోతుంది, అప్పుడప్పుడూ అడుగు నుంచి తిప్పండి. ఆరో నిమిషం దాటాక నురగ తగ్గి ఊట తేటపడుతుంది, కొవ్వు సన్నని బొట్లుగా మెరుస్తుంది. తర్వాత బుడగలు చూడండి. చిన్నగా గలగలలాడుతున్న బుడగలు పాకం దగ్గరపడేటప్పటిలా పెద్దవై, జిగురుగా, మెల్లగా పగులుతాయి. గరిటెతో పాన్ మధ్యలో ఒక గీత గీయండి. ఊట రెండు మూడు క్షణాలు ఆగి, నింపాదిగా వచ్చి ఆ గీతను కప్పేస్తే స్టవ్ ఆపేయాలి. ఇది 8 నుంచి 10 నిమిషాల మధ్య జరుగుతుంది.

ఇంకా తడి ఉందే అనిపిస్తుంది. ఉండాలి. 5 నిమిషాలు అలా వదిలేస్తే సగం ఊట పలుకుల్లోకి పోతుంది, మిగతాది అన్నానికి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. గీత శుభ్రంగా నిలిచిపోయేదాకా వండితే చల్లారాక పలుకులు ఇసుకలా గొంతుకు అడ్డం పడతాయి, అడుగున చక్కెర మాడి చేదు కూడా వస్తుంది. అలా అయిపోతే 2 స్పూన్ల వేడినీళ్లు చల్లి మూత పెట్టండి, కొంతవరకు తేరుకుంటుంది. చేదు మాత్రం పోదు.

గుడ్డు, పచ్చదనం

గోధుమ, పసుపు, ఆకుపచ్చ రంగులు మూడూ పరిస్తే దాన్ని సన్‌షోకు డోన్, మూడు రంగుల గిన్నె అంటారు. 3 గుడ్లకు 2 టీస్పూన్ల చక్కెర, చిటికెడు ఉప్పు, ఒక టీస్పూన్ సాకే. సన్నని సెగ మీద అదే చాప్‌స్టిక్స్ గుత్తితో తిప్పుతూ ఉండండి. ముప్పాతిక వంతు గట్టిపడగానే పాన్‌ను తడిగుడ్డ మీద దించి, ఉన్న వేడితోనే తిప్పడం ముగించండి. పలుకులు సన్నగా, పసుపు చెడకుండా వస్తాయి. బీన్స్ ఉప్పు నీళ్లలో 2 నిమిషాలు ఉడికించి, చన్నీళ్లలో వేసి, తుడిచి, ఏటవాలుగా సన్నగా తరగండి. జపాన్‌లో ఎక్కువగా గింజ కట్టని లేత బఠాణీ కాయలు వేస్తారు.

గిన్నెలో సుమారు 220 గ్రాముల అన్నం పైన చదునుగా సర్దండి, అదమొద్దు. రంగులు పక్కపక్కన పరచండి. ఎర్రగా ఊరబెట్టిన అల్లం, బెని షోగా, ఒక చివర పెడితే తీపికి విరుగుడు. అంతా ముందే కలిపేయకుండా, ఒక్కో ముద్దకు కింది అన్నం, పైది కలిసి వచ్చేలా తినాలి. స్పూన్‌తో తిన్నా తప్పులేదు.

సోనా మసూరితో చేస్తే మెతుకు మెతుకూ విడిగా ఉంటుంది కనుక ఖీమా సందుల్లోంచి అడుగుకు జారిపోతుంది. దానికి రెండు మందులు. ఒకటి, కొత్త బియ్యం వాడటం. అన్నం ముద్దవుతుందని మనం పక్కన పెట్టే గుణమే ఇక్కడ అక్కరకొస్తుంది. రెండు, గీత పరీక్షలో ఊట వెంటనే కప్పేసే దశలోనే స్టవ్ ఆపి, అన్నానికి ఇంకాస్త తడి మిగల్చడం.

పంది, గొడ్డు ఖీమాకు

వీటిలో కొవ్వు ఎక్కువ, కోడి పద్ధతిలో వండితే ఊట మీద జిడ్డు తెట్టు కడుతుంది. అందుకని నూనె లేకుండా ముందు మాంసాన్ని విడదీస్తూ వేయించి, వచ్చిన కొవ్వును కాగితంతో అద్ది తీసేయాలి. తర్వాత చక్కెర, సాకే వేసి ఒక నిమిషం ఆగి, అప్పుడు సోయా సాస్, మిరిన్. ఈ వరుసకు జపాన్ వంటింట్లో ఒక గుణింతం లాంటిది ఉంది: సా, షి, సు, సె, సొ. చక్కెర, ఉప్పు, వెనిగర్, సోయా సాస్, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) అని దాని అర్థం. ఉప్పు ముందు పడితే తీపి లోపలికి దిగదని చెబుతారు. కోడి సొబొరోలో అన్నీ ఒకేసారి వేసినా చెల్లుతుంది, ఎందుకంటే పలుకు అంత సన్నం, అదీ పచ్చిగా ఉన్నప్పుడే ద్రవంలో కలిసిపోయింది.

మిగిలితే వెడల్పు పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి, గట్టి మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, 3 రోజులు ఉంటుంది. ఫ్రీజర్‌లో పలచగా, చదునుగా గడ్డ కట్టించుకుంటే కావలసినంత విరుచుకుని ఒక స్పూన్ నీళ్లతో వేడి చేసుకోవచ్చు.

ఈ వారం సాధన: 150 గ్రాముల చొప్పున, కొలతలన్నీ సగం చేసి, రెండుసార్లు వండండి. ఒకసారి చల్లని పాన్‌లో కలిపి, ఇంకోసారి ఖీమాను కాలిన పాన్‌లో వేసి. రెండింటినీ తెల్ల పళ్లెంలో పక్కపక్కన పరిచి, బియ్యపు గింజ కన్నా పెద్ద ఉండలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నాలుగో పాఠం ఓయకోడోన్, కోడీ గుడ్డూ ఒకే పాన్‌లో.