గుళ్లు ఖర్చు కాకుండా ఎయిర్ పిస్టల్ ప్రాక్టీస్

10 మీటర్ల ఎయిర్ పిస్టల్ కొత్తగా మొదలుపెట్టినప్పుడు రేంజ్‌లో పెల్లెట్ల డబ్బాలు అయిపోయేవి కానీ గురి కుదిరేది కాదు. చూస్తే తప్పంతా ట్రిగ్గర్ నొక్కే వేలిదే! దానికి గుళ్లెందుకు, ఇంటి గోడ చాలు.

అసలు టార్గెట్‌లో నల్ల వృత్తం 59.5 మిల్లీమీటర్లు. 15 మిల్లీమీటర్ల నల్ల కాగితం చుక్క కత్తిరించి, తెల్ల గోడకు భుజం ఎత్తులో అంటించి, 2.5 మీటర్ల దూరంలో నిలబడితే కంటికి దాదాపు అదే సైజులో కనిపిస్తుంది. దూరం కంటి నుంచి కొలవండి, పిస్టల్ కొన నుంచి కాదు.

లోపల పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, పిస్టల్‌ని డ్రై ఫైర్ మోడ్‌లో (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ క్లిక్ మాత్రమే అయ్యేలా) పెట్టి రోజుకు 20 సార్లు నొక్కండి. చూపు చుక్క మీద కాదు, ముందు సైటు (గొట్టం కొన దగ్గర గురి చూసే దిమ్మ) మీద ఉండాలి. క్లిక్‌మన్న క్షణంలో సైటు ఎటు జరిగిందో అదే మీ తప్పు. 8 సెకన్లలో నొక్కలేకపోతే చెయ్యి దించేయండి, పట్టుబట్టి నొక్కితే వణుకే అలవాటవుతుంది.

స్ప్రింగ్ పిస్టల్‌తో మాత్రం ఇది వద్దు. ఖాళీగా పేలిస్తే లోపల పిస్టన్, సీలు దెబ్బతింటాయి.