పనిముట్లతో కెనడా వెళ్తున్నారా? పెట్టె కట్టే ముందు చూసుకోండి

రాణిగంజ్‌లో కొని పదేళ్లు వాడిన ఉలి, చెమటకు పిడి నల్లబడిన చిత్రిక... వదిలి వెళ్లాలంటే ప్రాణం ఒప్పదు. తీసుకెళ్లండి. కానీ జాబితా రాయకుండా పెట్టె కట్టకండి.

స్థిరపడటానికి వెళ్లేవాళ్లు అప్పటికే తమ సొంతమై, ఇంటి పనికో సొంత అవసరానికో వాడుతున్న సామాను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అయితే ‘పాత డ్రిల్లు’ అని రాస్తే చాలదు. కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్, ఇప్పటి విలువ ఉండాలి. నంబర్ మీద గ్రీజు పట్టి ఉంటే కిరోసిన్ గుడ్డతో తుడిచి ఫోటో తీసుకోండి.

వెంట తెచ్చేవి ఒక జాబితా, తర్వాత కార్గోలో వచ్చేవి మరొకటి. రెండూ మొదట దిగిన రోజే కస్టమ్స్‌లో చూపాలి. బీఎస్‌ఎఫ్ 186 ఫారం దీనికోసమే. అప్పుడు రాయనిదానికి తర్వాత సుంకం పడొచ్చు. 12 నెలల్లోపు అమ్మినా, ఎవరికైనా ఇచ్చేసినా అంతే.

శంషాబాద్‌లో పనిముట్లన్నీ చెకిన్ బ్యాగులోనే. విడి లిథియం బ్యాటరీలు మాత్రం కొనలకు టేపు వేసి చేతి సంచిలో పెట్టాలి. డ్రిల్లు బ్యాటరీ 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్ అంటే 90 వాట్ అవర్, విమానాల్లో మామూలు హద్దైన 100 వాట్ అవర్ లోపే. అయినా ఎయిర్‌లైన్‌ను ముందే అడిగితే టెన్షన్ ఉండదు.

మట్టి అంటినవి కడిగి ఆరబెట్టండి. మన 230 వోల్టుల గ్రైండర్ అక్కడి 120కి సరిగా తిరగదు. దాన్ని ఇక్కడే పని నేర్చుకుంటున్న కుర్రాడికెవరికైనా ఇచ్చేయండి.