రియలిస్టు బొమ్మను ఎలా చూడాలి?

డ్రాయింగ్ క్లాసులో ఏ బొమ్మ చూపించినా పిల్లలు "అచ్చం ఫొటోలా ఉంది సార్" అంటారు. మామూలు మనుషుల బతుకును ఉన్నదున్నట్టు చూపే రియలిజానికి ఆ కొలత సరిపోదని ముందే చెబుతాను. రవివర్మ గీసిన లక్ష్మీదేవి చీర మడతలు నిజం చీరలాగే ఉంటాయి, కానీ ఆమె తామరపువ్వు మీద నిలబడిన దేవత. 1840ల చివర్లో ఫ్రాన్సులో రియలిస్టులు పట్టుకున్న విషయం వేరు: బొమ్మలో ఎవరికి చోటిస్తున్నాం?

అందుకే ముందు బొమ్మ సైజు తెలుసుకోండి. ఫోన్‌లో చూస్తే అన్నీ ఒకే సైజులో కనిపిస్తాయి. ఫ్రెంచ్ చిత్రకారుడు కూర్బే తన సొంతూరు ఓర్నాన్‌లో జరిగిన అంత్యక్రియలను దాదాపు 3 మీటర్ల ఎత్తు, 6.6 మీటర్ల వెడల్పున గీశాడు. అంత పెద్ద కాన్వాస్ రాజులకో, పురాణ కథలకో దక్కే రోజులవి. అందులో మామూలు ఊరివాళ్లను నిలువెత్తున నిలబెట్టాడు. పారిస్‌లో గొడవ అయిందంటే అవదా మరి!

తర్వాత మరో ఫ్రెంచ్ చిత్రకారుడు మిల్లే 1857లో గీసిన పరిగె ఏరుకునే ఆడవాళ్ల బొమ్మ ('ది గ్లీనర్స్') తెరవండి. దీని దగ్గర తొందరపడొద్దు. ముఖాలు వెతక్కండి, అవి సరిగ్గా కనిపించవు. నడుములు చూడండి. ఇద్దరు పూర్తిగా వంగిపోయారు, మూడో ఆమె సగం వంగింది. ఎడమవైపు ఆమె ఒక చేత్తో ఏరుతూ రెండో చేయి వీపు వెనక పెట్టుకుంది. ఇప్పుడు జూమ్ చేసి వెనక్కి వెళ్లండి: పెద్ద పెద్ద కుప్పలు, నిండిన బండి, కుడివైపు గుర్రం మీద అజమాయిషీ చేసే మనిషి. పంటంతా అక్కడుంది, వీళ్లకు మిగిలింది నేల మీద రాలిన వెన్నులే. ఎవరి మీదా కోపం చూపించకుండా ఆ దూరం ఒక్కటే గీశాడు. నాకు మిల్లే అంటే అంత ఇష్టం అందుకే.

కథలో కూడా ఇదే పద్ధతి. గురజాడ 'దిద్దుబాటు' (1910) తీయండి. రాత్రి ఒంటిగంటకు ఇంటికొచ్చిన భర్త తలుపు తట్టడంతో మొదలవుతుంది. ఉపన్యాసం లేదు. తలుపు, గడియారం, నౌకరు... ఆ ఇంటి సంగతి వాటితోనే తెలుస్తుంది. చదివేటప్పుడు అలాంటి వస్తువుల కింద పెన్సిల్‌తో గీత పెట్టండి.

ఆపైన మీరే గీయండి. వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర కాసేపు నిలబడండి, అడిగి మరీ గీయండి. పెట్టె పట్టిన చేయి, బిగిసిన మణికట్టు, పక్కన పేరుకున్న బట్టల గుట్ట ముందు రావాలి. ముఖం చివర్లో పెట్టుకోండి, నవ్వు మాత్రం అతికించకండి.