ఎర్రదీపం మిణుకుమనే నింటెండో ఎన్‌ఈఎస్‌ను బాగుచేసుకోవడం

1985లో అమెరికాలో విడుదలైన నింటెండో ఎన్‌ఈఎస్ అనే వీడియో గేమ్ కన్సోల్ మీ దగ్గర ఉంటే, స్విచ్ నొక్కగానే ఎర్రదీపం సెకనుకోసారి వెలిగి ఆరడం మీరు చూసే ఉంటారు. యంత్రం పాడైందనుకుని చాలామంది దాన్ని అటకెక్కిస్తారు. నిజానికి అది లోపలున్న తాళం చేస్తున్న పని. కన్సోల్‌లో ఒకటి, గేమ్ కాసెట్‌లో మరొకటి చొప్పున ఉండే రెండు చిప్పులు ఒకే ప్రోగ్రామును నడుపుతూ ఒకదాని జవాబును మరొకటి సరిచూసుకుంటాయి. పొంతన కుదరకపోతే కన్సోల్‌లోని చిప్పు యంత్రాన్ని పదేపదే రీసెట్ చేస్తుంది. లైసెన్సు లేని కాసెట్లను ఆపడానికి పెట్టిన ఈ ఏర్పాటు, కాసెట్‌ను కన్సోల్‌కు కలిపే పిన్నులు మసకబారిన కొద్దీ, డబ్బిచ్చి కొన్న అసలు కాసెట్లను కూడా అడ్డగిస్తుంది.

ఈ తాళాన్ని దాటడానికి కొన్ని కంపెనీలు వోల్టేజీ పోటుతో చిప్పును స్తంభింపజేశాయి. అటారీ గేమ్స్ సంస్థ మాత్రం, వ్యాజ్యానికి అవసరమని చెప్పి అమెరికా కాపీరైట్ కార్యాలయం నుంచి ఆ చిప్పు ప్రోగ్రాము ప్రతిని తెప్పించుకుని, దాని సాయంతో సొంత చిప్పు తయారుచేసి, టెంజెన్ పేరుతో కాసెట్లు అమ్మింది. చిప్పును విప్పి అర్థం చేసుకోవడం న్యాయమైన వాడకమే కావచ్చని, అయితే అబద్ధం చెప్పి తెచ్చుకున్న ప్రతికి ఆ రక్షణ ఉండదని 1992లో అప్పీలు కోర్టు తేల్చింది. ఈ తేడా నాకు చాలా ముఖ్యమైనదిగా తోస్తుంది. ఆ మరుసటి ఏడాదే నింటెండో తెచ్చిన, కాసెట్‌ను పైనుంచి పెట్టే కొత్త నమూనాలో ఈ చిప్పే లేదు. ఎన్‌ఈఎస్‌కు జపాన్ రూపమైన 1983 నాటి ఫామికామ్‌లోనూ లేదు. మన ఊళ్ళలో టీవీ గేమ్ పేరుతో అమ్మిన పెట్టెలు చాలావరకు దాని నకళ్ళే కనుక వాటికి ఈ మరమ్మతు అక్కర్లేదు.

ముందుగా కాసెట్ అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో, నలుపు దిగకుండా పోయేదాకా తుడవండి. నోటితో ఊదకండి, ఉమ్మి తేమ వల్ల పిన్నులు తుప్పుపడతాయి. అయినా దీపం మిణుకుమంటుంటే అడాప్టర్ తీసేసి, కన్సోల్‌ను బోర్లించి అడుగునున్న ఆరు స్క్రూలను, తర్వాత లోపలి రేకును, కాసెట్ ట్రేను విప్పండి. మదర్‌బోర్డు మీద 3193ఏ అని రాసి ఉన్న 16 కాళ్ళ చిప్పును వెతకండి. దాని ఒక చివరనున్న గాటు పైకి వచ్చేలా చూస్తే, ఎడమ వరుసలో పైనుంచి నాలుగోది మనకు కావలసిన కాలు. రెండుసార్లు లెక్కపెట్టాకే చేయి వేయండి. సన్నమొన కట్టర్‌తో దాన్ని బోర్డుకు ఆనుకుని కత్తిరించి, మరి దేనికీ తగలకుండా మెల్లగా పైకి వంచండి. సోల్డరింగ్ వచ్చినవారు ఆ కాలును చిన్న తీగతో గ్రౌండ్‌కు కలిపితే ఇంకా నిలకడగా ఉంటుంది. ఆ కాలుకు 5 వోల్టులు అందినంత కాలం చిప్పు తాళంలా ప్రవర్తిస్తుంది, అవి అందకపోతే కాసెట్‌లోని చిప్పులాగా తాళంచెవి పాత్రలోకి మారి, రీసెట్ చేయడం మానేస్తుంది.

అమెరికా నుంచి తెచ్చుకున్న అడాప్టర్ 120 వోల్టులకు చేసినది కనుక మన 230 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెట్టకండి, కాలిపోతుంది. కన్సోల్‌ను మళ్ళీ బిగించి వెలిగించినప్పుడు దీపం నిలకడగా ఉండి, తెర మీద మాత్రం చిందరవందర గళ్ళు కనిపిస్తే, తాళం తొలగింది గానీ పిన్నులు ఇంకా సరిగా అందడం లేదని అర్థం. అప్పుడు కన్సోల్ లోపల కాసెట్ వచ్చి కూర్చునే 72 పిన్నుల కనెక్టర్‌ను ఊడదీసి, నీళ్ళలో మరిగించి, పూర్తిగా ఆరాక తిరిగి బిగించండి.