మన ఊరి డాక్యుమెంటరీ – 4వ పాఠం: తాత మాటకు తేదీ పట్టడం

కిందటి పాఠంలో కాలర్ మైక్ పెట్టడం చూశాం. ఈసారి కెమెరాకు పని తక్కువ, చెవికి ఎక్కువ.

జనగామ, పరకాల పల్లెల్లో ఏ ముసలివాళ్లను కదిలించినా ముందొచ్చే మాట ‘రజాకార్ల టైంల’. రజాకార్లంటే నిజాం పక్షాన ఉన్న ప్రైవేటు సైన్యం. అది విని తెర మీద 1947 అని వేసేయకండి. దొరల మీద, నిజాం మీద కమ్యూనిస్టుల నాయకత్వంలో తెలంగాణ రైతులు చేసిన సాయుధ పోరాటం 1946 నుంచి 1951 దాకా నడిచింది. నడుమ 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా పోలీస్ యాక్షన్, అంటే హైదరాబాద్ సంస్థానం మీదికి యూనియన్ (భారత) సైన్యం రావడం. దానికి ముందు దొరలు, నిజాం పోలీసులు, రజాకార్లు. తర్వాత పోరాట దళాలను వెతికింది యూనియన్ సైన్యం. తాత చెప్పే ‘తుపాకులోళ్లు’ ఎవరో తేలాలంటే ఆ సంగతి పోలీస్ యాక్షన్‌కు ముందుదో తర్వాతదో మొదట తేలాలి.

సంవత్సరం అడగొద్దు. మనల్ని సంతోషపెట్టడానికి ఏదో ఒకటి చెప్పేస్తారు. పంట అడగండి. మాటలు ఇట్లా సాగుతాయనుకోండి:

“తాతా, ఇల్లు కాలినప్పుడు పొలంల ఏమున్నది?”

“నాట్లయిపోయినయ్ బిడ్డా.”

“మిలట్రీ అప్పటికే వచ్చిందా?”

“ఇంకా రాలే.”

ఇక్కడ ఆగితే 1947 కావచ్చు, 1948 కావచ్చు. ఇంకొక్క ప్రశ్న మిగిలింది: “ఆ వరి కోసేనాటికి వచ్చిందా?” వచ్చిందంటే 1948 వానాకాలం, సెప్టెంబర్‌కు ముందు. రాలేదంటే అంతకు ముందటేడో, ఇంకా వెనకో. అవ్వలనైతే బతుకమ్మ అడగండి. పోలీస్ యాక్షన్ అయిన కొన్ని వారాలకే ఆ ఏటి బతుకమ్మ వచ్చింది. ఊళ్లో ఆడారా, ఊరొదిలి ఉన్నారా అన్నది వాళ్లు మర్చిపోరు.

వయసు లెక్క కూడా కట్టండి. 1948లో పదేళ్లున్నవాళ్లు ఇప్పుడు తొంభైకి దగ్గర. అంటే మనకు దొరికేది పిల్లల కళ్లతో చూసిందే. మిగతాది ఇంట్లో విన్నది. విన్నది పనికిరాదని కాదు. ఎడిటింగ్‌లో రెండింటికీ వేర్వేరు రంగు మార్కర్లు పెట్టుకోండి. ఈ పోరాటంలో మొదటి అమరుడు దొడ్డి కొమరయ్య 1946 జులై 4న కడవెండిలో చనిపోయాడు. దాన్ని ‘చూసిన’వాళ్లు అవసరానికంటే ఎక్కువమందే దొరుకుతారు!

ఊరి పేరు వేసేటప్పుడు జిల్లా చూసుకోండి. కడవెండి అప్పుడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు జనగామ జిల్లా. తెర మీద రెండూ వేయండి. బయటివాళ్లకు ఇంకోటి కూడా చెప్పాలి: పరకాలలో జెండా ఎత్తబోయినవాళ్ల మీద కాల్పులు జరిగింది 1947 సెప్టెంబర్ 2న. స్వాతంత్ర్యం వచ్చాక జెండాకు కాల్పులేంటని అడుగుతారు. హైదరాబాద్ సంస్థానం అప్పటికింకా నిజాం చేతిలోనే ఉందన్న ఒక్క వాక్యం కామెంటరీలో పడాలి.

ఇంటిపని: మీ ఇంట్లోనో వాడకట్టులోనో పెద్దవాళ్లు ఒకరితో అరగంట మాట్లాడండి. సంవత్సరం అడక్కుండా, వాళ్లు చెప్పిన ఒక సంగతికి నెలా ఏడాదీ రాబట్టండి. ఏ జవాబును బట్టి తేల్చారో పక్కన రాయండి. వచ్చే పాఠంలో పాత ఫొటోలు, పహాణీ (భూమి లెక్కల) కాగితాలతో దాన్ని సరిచూద్దాం.